ఎల్లకు ఇటు ఆది ఆంధ్రులు, అటు ఆది హిందువులు: భాగ్యరెడ్డి వర్మ

తిరువూరు ప్రాంతంలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చరిత్ర, భూగోళం చెప్పేవాళ్లం మేము. ఈ రెండింటినీ ఒకే పాఠంగా చెప్పాలంటే మాకు భాగ్యరెడ్డి వర్మ జీవితాన్ని మించింది కనబడలేదు.

ఆయన 1888 మే 22న హైదరాబాద్‌లో ఒక మాల కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు మాదరి భాగయ్య. పిల్లలు ముందు ఆయన పేరు దగ్గరే ఆగిపోతారు, మాలల్లో రెడ్డి ఎలా వచ్చాడని అడుగుతారు. ఆ మాట చేర్చింది వాళ్ల కుటుంబ గురువు. రేడు అంటే రాజు కదా, ఈ నేలను మొదట ఏలింది మీరేనన్నది ఆ గురువు చెప్పిన అర్థం. వర్మ అన్నది తర్వాత ఆర్యసమాజం ఇచ్చింది. ఆ వ్యుత్పత్తి సరైనదా కాదా అని పండితులు తేల్చుకోవచ్చు. ఒక వాడ పిల్లవాడికి తన పేరే చరిత్ర పాఠమైంది, మాకు అది ముఖ్యం.

బారిస్టరు ఇంట్లో పనిచేస్తూ లోకం తెలుసుకున్న ఆ కుర్రాడు 1906లో జగన్ మిత్ర మండలి పెట్టాడు. చదువురాని వాళ్లకు భజనలు, హరికథల ద్వారా నాలుగు మాటలు చెప్పించేవాడు. 1911లో అది మాన్య సంఘమైంది. జోగిని ఆచారం మీద, బాల్యవివాహాల మీద, తాగుడు మీద పోరాడాడు. 1910 నుంచి మన పిల్లలకు బడులు తెరిచాడు. రాజ్యభాష ఉర్దూ అయిన హైదరాబాద్‌లో ఆ బడుల్లో చదువు తెలుగులో సాగేది. అవి పాతిక దాకా పెరిగాయి, రెండు వేల మంది పిల్లలు చేరారు. తర్వాత వాటిని నిజాం ప్రభుత్వం తీసుకుంది.

ఇక మా ఊరికి బస్సులో రెండు గంటల దూరంలో జరిగిన సంగతి. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాజన సభ పెట్టారు. అధ్యక్షుడు వర్మ. వచ్చినవాళ్లు కొండెక్కి గుళ్లోకి వస్తారేమోనన్న భయంతో కనకదుర్గ గుడి తలుపులు ఆ మూడు రోజులూ మూసేశారు. లోపల సభలో వర్మ తేల్చిన విషయం వేరు. పంచములన్న మాటకు పురాణాల్లోనే చోటు లేదు, మనం ఈ నేల తొలి వారసులమని వాదించాడు. దాంతో సభ పేరే ఆది ఆంధ్ర మహాజన సభగా మారిపోయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా పంచమ అన్న మాట వదిలి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను ఒప్పుకుంది.

ఇక్కడే మేం పటం తెరుస్తాం. అప్పుడు తిరువూరు మద్రాసు రాజధానిలో ఉంది. పక్కనే ఉన్న పెనుబల్లి, కల్లూరు నిజాం రాజ్యంలోవి. ఇటు మన వాళ్లు ఆది ఆంధ్రులు. అటు, వర్మ పట్టుబట్టి సాధించడంతో, 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు. పెళ్లి సంబంధాలు, కూలి పనులు, చుట్టరికాలు ఆ గీత దాటి సాగుతూనే ఉండేవి. ఒకే వాడ మనుషులకు రెండు ప్రభుత్వాల రికార్డుల్లో రెండు పేర్లు. అమ్మమ్మ ఊరు పెనుబల్లి అయిన పిల్లలకు ఈ పాఠం విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆది హిందువు అన్న మాటలో రెండో సగంతో మాకు పేచీ ఉంది. ఆయన లెక్కలో హిందువంటే ఈ దేశవాసి, మతం కాదు. అయినా 1935 తర్వాత అంబేద్కర్ వెళ్లిన దారి వేరు. ఎనిమిదో తరగతిలో ఈ తేడా కూడా చెబుతాం, దాచం.

వర్మ 1939 ఫిబ్రవరి 18న, యాభై ఒకటో ఏట కన్నుమూశాడు. పటం మీది ఆ గీత 1956లో చెరిగి, 2014లో దాదాపు అదే చోట రాష్ట్ర సరిహద్దుగా మళ్లీ పడింది.