సూర్యుడి మీద నల్లచుక్క
(అంకితం వెంకట నరసింగరావు జీవితం)

మన ఇబ్రహీంపట్నం దగ్గర రంగాపూర్‌లో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల అబ్జర్వేటరీ ఉంది కదా. తెలుగు గడ్డ మీద అదే మొదటిదని నేను అనుకునేవాణ్ణి. కాదట! అంతకు వందేళ్లకు ముందే విశాఖపట్నంలో ఒకటి ఉండేది. దాన్ని నిలబెట్టిన ఆయన గురించి రాస్తున్నాను.

నరసింగరావుగారు 1827లో పుట్టారు. ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు. జగ్గారావుగారు మద్రాసు వెళ్లి ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో విశాఖలో సొంతంగా అబ్జర్వేటరీ పెట్టారు. 1856లో చనిపోయారు. ఇంకొకరి ఇంట్లోనైతే టెలిస్కోపు అటకెక్కేదే. అల్లుడు మాత్రం ఎక్కనివ్వలేదు. తానే చూడటం మొదలుపెట్టారు. ఎండ, వాన, గాలి లెక్కలు కూడా రాయించేవారు. 1871లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యులయ్యారు.

ఇక అసలు సంగతి. శుక్రుడు సూర్యుడికీ మనకూ నడుమ అడ్డం వస్తే, సూర్యుడి మీద చిన్న నల్లచుక్క జరుగుతున్నట్టు కనబడుతుంది. వేర్వేరు ఊళ్లలో చూసిన టైములు కలిపితే సూర్యుడు ఎంత దూరమో లెక్క తేలుతుంది. 1769 తర్వాత అది మళ్లీ వచ్చింది 1874 డిసెంబరు 9న. ఆ తర్వాతది 1882లో, కానీ మన దేశానికి కనబడదు. మళ్లీ మనకు కనబడింది 2004లోనే! అంటే ఆయన బతుకులో ఒక్కటే పొద్దు. ఒక్క మబ్బు అడ్డం పడితే అంతా పోయినట్టే. ఆరంగుళాల టెలిస్కోపు తెప్పించి పెట్టుకున్నారు. చూశారు. చూసింది రాసి లండన్ పంపారు. 1892లో కన్నుమూశారు.

ఆ చుక్క కథ మాత్రం ఆగలేదు. పూర్వాభాద్ర నక్షత్రాలుండే పెగాసస్ మండలంలో, సుమారు 160 కాంతి సంవత్సరాల దూరాన, మన సూర్యుడిలాంటి నక్షత్రం ఒకటుంది. పేరు హెచ్‌డీ 209458. ఉత్త కంటికి ఆనదు. 1999లో దాని వెలుగు నూటికి ఒకటిన్నర వంతు తగ్గి, కొన్ని గంటలకు మళ్లీ మామూలైంది. మూడున్నర రోజులకొకసారి ఇదే తంతు. కారణం, గురుడికంటే పెద్ద గ్రహం ఒకటి దాని ముందునుంచి పోవడమే! మన బుధుడికి ఒక చుట్టుకు 88 రోజులు పడితే, దానికి మూడున్నర రోజులే. అంత దగ్గరగా తిరుగుతుంది కాబట్టి పొయ్యిలో పెట్టినట్టు కాలిపోతూ ఉంటుంది. వేరే సూర్యుడి ముందునుంచి గ్రహం పోవడం మనుషులు పట్టుకున్నది అదే మొదలు. ఆ తర్వాత ఇదే పద్ధతిలో వేల గ్రహాలు దొరికినయి.

నరసింగరావుగారికి ఇదంతా తెలియదు. ఆయన చూసింది ఒక్క చుక్కనే, కానీ తప్పిపోకుండా చూశారు. రాసి పెట్టారు.

వార్డెన్ సార్, ఒక్క మనవి. డిసెంబరు 9 రాత్రి స్టడీ అవర్ అయినాక ఒక పావుగంట లైట్లు ఆర్పి మమ్మల్ని డాబా మీదికి పోనియ్యండి. ఆ నక్షత్రం కనబడకపోయినా, అది ఉన్న దిక్కు చూస్తాం.