రక్షణ విద్యకు ఆచార్యుడు: సయ్యద్ అబ్దుల్ రహీం

ఫుట్‌బాల్ క్రీడలో గోలు చేసినవానికి దక్కే కీర్తి, గోలు కానీయక అడ్డుకొన్నవానికి దక్కదు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ చలనచిత్రం వెలువడిన తరువాత రహీం సాహెబ్ పేరు మన నగరంలో మళ్ళీ వినిపించింది. చలనచిత్రానికి గోలులు కావాలి. కాని ఆ మహనీయుని జీవితాన్ని రక్షణ పంక్తి వైపు నుండి చూచినవారు తక్కువ.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులై ఉపాధ్యాయ వృత్తి చేపట్టి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్ల పాఠశాలలలో బోధించారు. వ్యాయామ విద్యలోనూ డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1950 నుండి కడవరకు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇండోనేషియాను 3-0, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0, తుది పోటీలో ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం పొందింది. మూడు పోటీలలో ఒక్క గోలైనా ఇవ్వలేదు. మరుసటి సంవత్సరం, 1952 జూలై 15న, హెల్సింకీ ఒలింపిక్స్‌లో అదే దేశం యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది.

ఈ రెండు సంఖ్యల నడుమ ఉన్నదే రహీం సాహెబ్ జీవితంలోని అసలు పాఠం. హెల్సింకీలో నాయకుడు శైలేన్ మన్నా. ఆయన స్వయంగా పేరుగాంచిన ఫుల్‌బ్యాక్. అంతటివాడు వెనుక నిలిచి ఉండగా పది గోలులు ఎట్లా పడ్డాయి? మనవారిలో పలువురు వట్టి కాళ్ళతో ఆడేవారు. అక్కడి చలికి, తడి నేలకు పాదాలు నిలువలేదు. స్వదేశంలో పోటీలు 90 నిమిషాలకంటె తక్కువ కాలం సాగేవి కనుక చివరి ఘట్టానికి ఊపిరి మిగిలేది కాదు. అన్నిటికంటె ముఖ్యం, పాత పద్ధతి అమరికలో వెనుక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు ఐదుగురు ఉండేవారు. ఐదుగురు ఒక్కసారి మీదపడితే ఇద్దరు ఏమి చేయగలరు?

ఆ ఓటమి తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. బూట్లు తొడగటం ఒక్క రోజు పని. అలవాట్లు మార్చటం ఏళ్ళ పని. రహీం సాహెబ్ బడిపంతులు కావడం ఇక్కడే కలిసివచ్చిందని నా నమ్మకం. పిల్లవాని తప్పును తిట్టి దిద్దలేము, అభ్యాసం మార్చి దిద్దాలి. ఆయన డ్రిబ్లింగు నిషేధించిన పోటీలు పెట్టారు. బంతి అందగానే మరొకరికి అందించవలసిందే. ఈ పోటీలు ముందుపంక్తి వారి కొరకే అనుకొనేవారున్నారు. ఆలోచించి చూడండి: బంతి ఎవరి కాలి వద్దా నిలువనప్పుడు, దానివెంట పరుగెత్తే డిఫెండరు ఎప్పుడూ ఒక అడుగు వెనుకనే ఉంటాడు. అందుచేత అతడు బంతిని గాక, దానిని అందుకోబోయే మనిషిని కనిపెట్టి, దారిలో ముందుగా నిలవటం నేర్చుకొంటాడు.

ఆయన ఉపాయాలలో నాకు మిక్కిలి నచ్చినది మరొకటి. వాటం లేని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు. కుడి కాలు ఒక్కటే నమ్ముకొన్న ఫుల్‌బ్యాక్‌ను ఎదుటి ఫార్వర్డ్ ఎడమ ప్రక్కకు నెట్టితే చాలు. వాడు బంతిని కుడి కాలికి మార్చుకొనేలోగా గోలు పడుతుంది. రెండు కాళ్ళూ సమానమైనవానికి ఆ భయం లేదు. కళాశాల మైదానంలో ఖర్చు లేకుండా ఎవరైనా చేయదగిన అభ్యాసమిది.

అమరిక కూడా మారింది. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ వల్ల లోకప్రసిద్ధమైన 4-2-4 పద్ధతిని రహీం అంతకుముందే ప్రయోగించారని ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవారు చెబుతారు. వెనుక ఇద్దరికి బదులు నలుగురు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాల్గవ స్థానం పొందింది. 1960 రోమ్‌లో ముందంజ వేయలేకపోయినా హంగేరీకి 2-1 కంటె ఎక్కువ లొంగలేదు, ఫ్రాన్స్‌తో 1-1గా సమంగా నిలిచింది. పది గోలుల జట్టు ఎనిమిదేళ్ళలో ఇంత దూరం వచ్చింది.

తరువాత 1962, జకార్తా. అప్పటికే క్యాన్సర్ ఆయన దేహాన్ని లోపల తొలుస్తున్నది. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. థాయిలాండ్‌పై గెలిచినప్పుడు ప్రధాన స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇతర శిక్షకుడెవరైనా అతనిని కూర్చోబెట్టేవాడు, లేదా గాయంతోనే వెనుక నిలిపేవాడు. రహీం అతనిని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు! సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై అతడు ఒక గోలు చేశాడు. మనవారు 3-2తో గెలిచారు. దీనిని సాహసమని మెచ్చుకొంటారు. నాకు మాత్రం ఇది సాహసం కంటె నమ్మకంగా తోస్తుంది. అరుణ్ ఘోష్, చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, గోలులో తంగరాజ్ — ఒక మనిషి లేకపోయినా కూలని గోడ కట్టినవాడే అట్లా చేయగలడు.

సెప్టెంబరు 4న తుది పోటీ, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయనందుకు ఒక భారతీయ క్రీడాధికారి అభ్యంతరం తెలిపినందున, స్టేడియం నిండా ఉన్న జనం మనవారిపై కోపంతో ఉన్నారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోలులు చేశారు. అందరికీ ఇవే గుర్తు. మిగిలిన 70 నిమిషాలు ఆ హోరులో వెనుకపంక్తి కాపు కాసింది. కొరియాకు దొరికినది ఒకే గోలు, అదీ ఆట ముగియవచ్చిన వేళ. 2-1తో స్వర్ణం మనదైంది.

1963 జూన్ 11న రహీం సాహెబ్ పరమపదించారు. వయస్సు 53 సంవత్సరాలు. 1970లో బాంకాక్‌లో భారతదేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్ పతకం, కాంస్యం, మరొకసారి పొందినప్పుడు శిక్షకులలో ఒకరు ఆయన శిష్యుడు పి.కె. బెనర్జీ. జట్టు నాయకుడు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో ఆడి పెరిగిన సయ్యద్ నయీముద్దీన్. ఆయన డిఫెండరు.