వాగ్గేయకారుడు పురుషోత్తమ చౌదరి

వికారాబాదునకు చేరువనున్న ధారూరులో 1923 నుండి ఏటేట నవంబరు మాసమున క్రైస్తవ జాతర జరుగుచున్నది. జాతర యను పేరే దానికి స్థిరపడినది. క్రొత్త మతమైనను ఈ నేలపై నిలుచుటకు తెలుగువారి పలుకును, పండుగను, పాటను ఆశ్రయింపక తప్పలేదు. అందు పాటను సమకూర్చినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి.

ఈయన 1803లో గంజాం సీమలో, వంగదేశమునుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర. ఒడియా, సంస్కృతము, తెలుగు చక్కగా నేర్చెను. గురూపదేశము పొంది, జపములు, తీర్థయాత్రలు నిష్ఠతో సాగించెను. అయినను మనశ్శాంతి కలుగలేదు. అంతలో తెలుగున అచ్చైన క్రైస్తవ పుస్తకములు చేతికందినవి. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. జంధ్యము విడిచెను. భార్య రాధామణి తొలుత వెంట రాలేదు. తరువాతనే వచ్చి కలిసెను.

పాఠకులు ఇచట కొంచెము నిలిచి యోచింపవలెను. దుర్మార్గుడు తాను పాపినని ఒప్పుకొనుట వింత గాదు. నియమము తప్పని పండితుడు తన నియమమే తనను గట్టెక్కింపదని ఒప్పుకొనుట కఠినము. క్రైస్తవ మతమున రక్షణ ఆర్జించునది గాదు, దయచేత లభించునది. దానిని అందుకొనుటకు ఈయన కులగౌరవమును, పాండిత్యమును, చేసిన పుణ్యపు లెక్కను ఒక్కమారే దించుకొనవలసి వచ్చినది. తరువాత కులభేదమును విమర్శించుచు ‘కులాచార పరీక్ష’ వ్రాసెను. ఆ గ్రంథమునకు వెనుక ఇంత నష్టమున్నది గనుకనే దానికి బరువు.

శరణాగతి తెలుగువారికి క్రొత్త గాదు. భద్రాద్రి రామదాసు దానినే పాడెను. 1847 వరకు జీవించిన త్యాగరాజు చౌదరికి సమకాలికుడే. చౌదరి మతమును మార్చెను గాని దైన్యమును పలుకు ఆ బాణీని మార్చలేదు. పల్లవి, చరణములు, రాగతాళములు అన్నియు మనవే. ఇది అనుకరణమని కొందరందురు. నాకట్లు తోచదు. తల్లిభాషలో గాక మరే భాషలో మనుజుడు దేవుని యెదుట విలపించును? సిలువ శ్రమలను గూర్చిన ఆయన కీర్తనలలో వేదాంతచర్చ తక్కువ, తన పాపమును తలచి కరగుట ఎక్కువ. కొన్నిచోట్ల పదములు తాళమునకు ఇరుకుగా నొదుగును. భావము మాత్రము తడబడదు.

దాదాపు అర్ధశతాబ్దము ప్రబోధకుడై ఊరూర తిరిగి, 1890లో ఆయన కన్నుమూసెను. 100కు పైగా కీర్తనలు మిగిలినవి. బాప్తిస్టు, లూథరన్ మొదలగు వేరువేరు సంఘములవారు తమ భేదముల నటుంచి, ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరచి నేటికిని వానిని పాడుకొనుచున్నారు.