చోటు అడగలేదు, చేసుకుంది

ఏటా పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజ ఆరాధన జరుగుతుంది. ఆ రోజు పొద్దున్నే టీవీ పెడితే, వరసలు కట్టి కూర్చుని పంచరత్నాలు పాడే వాళ్లలో ఎంతమంది ఆడవాళ్లో! ఒళ్లో వీణ పెట్టుకున్న వాళ్లు, వయొలిన్ పట్టుకున్న అమ్మాయిలు. ఇదంతా మనకు మామూలే. కానీ 1920ల్లో అదే చోట ఆడవాళ్లకు కచేరీ చేసే వీలు లేదు. ఆ తలుపు తెరిపించిన మనిషి బెంగళూరు నాగరత్నమ్మ.

ఆవిడ 1878లో మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. మనిషికి ఆస్తిపాస్తులు లేకపోయినా కూతురికి చదువు మటుకు తక్కువ చేయలేదు. సంస్కృతం, కన్నడం, తెలుగు, ఇంగ్లీషు, వాటితోపాటు సంగీతం, నాట్యం అన్నీ చెప్పించింది. మేనమామ వయొలిన్ విద్వాంసుడు. చిన్నప్పుడు నాగరత్నమ్మ వేదిక ఎక్కింది కూడా వయొలిన్ వాయిస్తూ, నాట్యం చేస్తూనే. పద్నాలుగేళ్లకే తల్లి పోయింది. ఆ తర్వాత ఆ పిల్లను నిలబెట్టింది నేర్చుకున్న విద్యే.

మద్రాసు చేరాక పాటకచేరీలతో ఊరూరా పేరు వచ్చింది. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి కళాకారిణి ఆవిడేనని చెబుతారు. తన సంపాదన తనది, తన ఇల్లు తనది. ఆ రోజుల్లో ఎంతమంది ఆడవాళ్లకు దక్కిన భాగ్యం అది?

పుస్తకాలంటే ఆవిడకు ప్రాణం. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన 'రాధికాసాంత్వనము' అలాగే ఆవిడ చేతికి చిక్కింది. అంతకుముందు అచ్చయిన ప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయి. కవయిత్రి తన సంగతి చెప్పుకున్న భాగం కూడా లేదు. నాగరత్నమ్మ పట్టుబట్టి తాళపత్రం సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్ల వారి చేత పూర్తి పుస్తకం వేయించారు.

దాంతో దుమారం లేచింది. అలాంటి శృంగారం ఆడది రాయడమేమిటని, అది ఒక ఆడది అచ్చు వేయించడమేమిటని పెద్దపెద్ద వాళ్లే తప్పుపట్టారు. ముద్దుపళనిని కందుకూరి వీరేశలింగం గారు కూడా తన కవుల చరిత్రలో దులిపేశారు. నాగరత్నమ్మ తగ్గలేదు. మగకవులు అంతకు మించి రాస్తే మెచ్చుకునే వాళ్లకు సిగ్గు అనేది ఆడవాళ్ల దగ్గరే ఎందుకు గుర్తొస్తుందని పీఠికలో నిలదీశారు. 1911లో ప్రభుత్వం పుస్తకం మీద కేసు పెట్టి, ప్రతులు పట్టుకుని, నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. ఎత్తేసింది టంగుటూరి ప్రకాశం పంతులు గారు.

1921లో గురువు బిడారం కృష్ణప్ప గారి నుంచి ఉత్తరం వచ్చింది, త్యాగయ్య సమాధి పాడుపడి ఉందని. తెలుగులో అన్ని కీర్తనలు ఇచ్చిన మహానుభావుడి సమాధికి నీడ కూడా లేదు. ఆవిడ నగలు అమ్మారు, కచేరీల డబ్బు పోగేశారు, స్థలం కొన్నారు, గుడి కట్టించారు. 1925 జనవరిలో కుంభాభిషేకం చేయించారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆరాధన జరిపే వాళ్లలో అప్పటికే రెండు వర్గాలు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కానీ ఆడవాళ్లు పాడకూడదు అన్న మాట దగ్గర మాత్రం ఇద్దరికీ కుదిరింది! గుడి కట్టడానికి పనికొచ్చిన డబ్బు ఆడదానిదైనా ఫరవాలేదు, పాట మాత్రం పనికిరాదు.

నాగరత్నమ్మ ఏడుస్తూ కూర్చోలేదు.  1927లో దేవదాసీ కళాకారిణులను కూడగట్టి, అదే సమాధి దగ్గర వెనక వైపున ఆడవాళ్ల ఆరాధన వేరే మొదలుపెట్టారు. వచ్చిన వాళ్లకు భోజనాలు, బస అన్నీ ఆవిడే చూశారు. స్వయంగా హరికథ చెప్పారు. ముందు రెండు వర్గాలు, వెనక మూడోది ఆడవాళ్లది. పదేళ్లకు పైగా ఇలాగే నడిచింది. 1941 నాటికి మూడూ ఒక్కటయ్యాయి. అప్పటి నుంచి ఆడవాళ్లకు అందరితోపాటు చోటు దొరికింది.

చివరి రోజులు తిరువయ్యారులోనే గడిపారు. ఆస్తి మొత్తం ట్రస్టుకు రాసిచ్చారు. అందులో ఒక షరతు పెట్టారు. దేవదాసీలతో సహా ఆడవాళ్లందరికీ ఆ గుడిలో పూజ చేసుకునే, పాడుకునే హక్కు ఎప్పటికీ ఉండాలని. తాను పోయాక ఎవరూ మళ్లీ తలుపు మూయకుండా ముందుచూపుతో గడియ తీసేసి పెట్టారన్నమాట. 1952 మే 19న కన్నుమూశారు. త్యాగయ్య సమాధికి ఎదురుగా ఆవిడ విగ్రహం ఉంది.

ఇంట్లో పిల్లకు సంగీతం చెప్పించేటప్పుడు మనం పెళ్లిచూపుల మాట ఎత్తుతుంటాం. వీణ వచ్చు అంటే సంబంధం కుదురుతుందని. అదే వీణ, అదే వయొలిన్ ఒక ఆడపిల్లకు సొంత కాళ్లు కూడా కాగలవు. ఈసారి ఆరాధన చూసేటప్పుడు నాగరత్నమ్మ కథ మీ పిల్లలకు చెప్పండి. ఆ వరసలో కూర్చున్న అమ్మాయిలకు ఆ చోటు ఊరికే రాలేదని వాళ్లకు తెలియాలి.