రెండేళ్ళే బడికి వెళ్ళిన బెంజమిన్ ఫ్రాంక్లిన్

ఈసారి గోడ పత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమన్నారు. నేను బెంజమిన్ ఫ్రాంక్లిన్ గురించి రాస్తున్నాను. మెరుపులో ఉన్నది విద్యుత్తే అని చూపిన శాస్త్రవేత్తగా ఆయన మనకు తెలుసు. కాని ఆయన ఎలా చదువుకున్నాడో చాలామందికి తెలియదు.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టాడు. అప్పుడు ఆ ప్రాంతం ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఉండేది. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసేవాడు. ఆ తండ్రికి మొత్తం 17 మంది పిల్లలు. ఫ్రాంక్లిన్ 15వ వాడు. బడికి రెండేళ్ళే వెళ్ళాడు. లెక్కల్లో తప్పాడు కూడా. పదేళ్ళకే బడి మాన్పించి కొవ్వొత్తుల పనిలో పెట్టారు. ఆ పని నచ్చలేదు. పన్నెండేళ్ళప్పుడు అన్న జేమ్స్ అచ్చు ఆఫీసులో పనికి చేర్చారు.

అక్కడినుంచి పుస్తకాలు దొరకడం మొదలైంది. పుస్తకాల కొట్టులో పనిచేసే కుర్రాళ్ళను అడిగి సాయంత్రం ఒక పుస్తకం తెచ్చుకొనేవాడు. రాత్రి చాలాసేపు కూర్చుని చదివి, మాసిపోకుండా పొద్దున్నే ఇచ్చేసేవాడు. సుమారు 16 ఏళ్ళప్పుడు మాంసం మానేశాడు. తన తిండి ఖర్చులో సగం చేతికిస్తే తానే చూసుకుంటానని అన్నతో చెప్పాడు. ఆ సగంలో కూడా సగం మిగిల్చి పుస్తకాలు కొన్నాడు. అందరూ భోజనానికి పోతే తను రొట్టెముక్క, కొంచెం ఎండు ద్రాక్ష తిని, నీళ్ళు తాగి చదువుకొనేవాడు. బడిలో తప్పిన లెక్కలు కూడా అప్పుడే తనంతట తాను నేర్చుకున్నాడు.

రాయడం ఎలా నేర్చుకున్నాడో చూడండి. ఒక మంచి వ్యాసం చదివి, ఒక్కో వాక్యంలో ఉన్న సంగతిని రెండు మూడు మాటల్లో గుర్తుగా రాసి పెట్టుకొనేవాడు. కొన్ని రోజులు ఆగి, పుస్తకం చూడకుండా ఆ గుర్తులతో సొంతంగా రాసేవాడు. తరువాత అసలు దానితో పోల్చి తప్పులు దిద్దుకొనేవాడు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. ఇంట్లో తెలుగు మాట్లాడం. పాఠం బట్టీ పడితే ఒక్క మాట మరిచిపోయినా అంతా ఆగిపోయేది. ఇప్పుడు సాంఘికశాస్త్రం ఫ్రాంక్లిన్ లాగా రాసి చూస్తున్నాను. ఆగడం లేదు. మీరూ చేసి చూడండి.

ఆయనకు ఆటలంటే కూడా ఇష్టం. ముఖ్యంగా ఈత. మనం గెడ్డలో ఈదినట్టే చెరువులో ఈదేవాడు. చేతులతో పట్టుకొనే చెక్కపలకలు చేసుకుని వేగంగా ఈదాడు. ఒకసారి నీళ్ళలో వెల్లకిలా తేలుతూ గాలిపటం దారం పట్టుకుంటే గాలిపటమే అవతలి గట్టుకు లాక్కుపోయింది. మెరుపు ప్రయోగం కూడా 1752లో గాలిపటంతోనే చేశాడు. చదరంగం బాగా ఆడేవాడు. ఇటలీ భాష నేర్చుకొనేటప్పుడు స్నేహితునితో ఒక పందెం పెట్టుకున్నాడు. ఓడినవాడు గెలిచినవాడు చెప్పిన వ్యాకరణమో, అనువాదమో చేసుకుని రావాలి. అలా ఆటలోనే ఇద్దరికీ భాష వచ్చింది.

1723లో అన్నతో పడక ఫిలడెల్ఫియా వెళ్ళిపోయాడు. తరువాత సొంత అచ్చు ఆఫీసు పెట్టాడు. 1731లో స్నేహితులతో చందాలు వేసుకుని గ్రంథాలయం స్థాపించాడు.

తనను తాను బాగుచేసుకోవాలని 13 మంచి గుణాలు రాసుకున్నాడు. అవి మితాహారం, తక్కువ మాట్లాడడం, క్రమం, పట్టుదల, పొదుపు, శ్రమ, నిజాయితీ, న్యాయం, అతి చేయకపోవడం, శుభ్రత, శాంతం, శీలం, వినయం. మొదట 12 మాత్రమే. నీకు గర్వం ఎక్కువని ఒక స్నేహితుడు చెప్పాక వినయం చేర్చాడు. చిన్న పుస్తకంలో గళ్ళు గీసి, తప్పు చేసిన రోజు నల్ల చుక్క పెట్టేవాడు. వారానికి ఒక గుణం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టేవాడు. అన్నిటికన్నా క్రమం ఆయనకు కష్టమైంది. నా ట్రంకు పెట్టె చూసినవాళ్ళు నాకూ అదే కష్టమని చెప్తారు.

ఒక పెద్ద తప్పు కూడా రాయాలి. ఆయన నల్లజాతి మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. బానిసల అమ్మకం ప్రకటనలు తన పత్రికలో వేశాడు. నల్ల చుక్కలు పెట్టుకొనే మనిషికి అది చాలా ఏళ్ళు కనబడలేదు. ముసలితనంలో మారాడు. 1787లో బానిసత్వం పోవాలనే సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1790 ఫిబ్రవరిలో దాని కోసం అమెరికా కాంగ్రెసుకు అర్జీ పంపాడు. ఆ ఏప్రిల్ 17న 84 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

ఇంకొకటి మనం గుర్తుంచుకోవాలి. 1763 డిసెంబరులో కొందరు తెల్లవాళ్ళు కొనెస్టోగా ఆదివాసులను 20 మందిని, పిల్లలతో సహా, చంపేశారు. ఫ్రాంక్లిన్ 1764లో తన జాతివాళ్ళనే తప్పుపడుతూ చిన్న పుస్తకం రాసి అచ్చు వేశాడు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళిన మన తరగతివాళ్ళలో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ళు రావాలనే నా కోరిక. పదేళ్ళకు బడి ఆగినవాడికి చదువు ఆగలేదు గదా. అందుకే ఈ సెలవుల్లో నా పుస్తకాలు వాళ్ళకు చదవడానికి ఇస్తాను. మీ ఊళ్ళలో అలాంటివాళ్ళు ఉంటే మీరూ ఇవ్వండి. మాసిపోకుండా తిరిగి ఇమ్మని మాత్రం చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని