టాఫ్ నదిపై రాతివిల్లు

దక్షిణ వేల్స్‌లోని పాంటిప్రీద్ పట్టణమున టాఫ్ నదిపై ఒంటి కమానుతో నొక రాతివంతెన కలదు. చిత్రకారులను, వారి వెనుక ఛాయాచిత్రకారులను తనకడకు రప్పించుకొన్న ఆ వంతెనను కట్టిన విలియం ఎడ్వర్డ్స్ వాస్తుశాస్త్రమును గురుముఖమున అభ్యసించినవాడు కాడు.

ఆతడు 1719లో ఎగ్లుసిలన్ సీమయందొక రైతు కుటుంబమున జన్మించెను. తండ్రి టాఫ్ నదిని దాటబోయి మునిగి మరణించునప్పటికి ఆతడు పసివాడు. పొలములకు రాతిగోడలు కట్టుచు పని నేర్చెను. సమీపముననున్న కేర్‌ఫిల్లీ కోట శిథిలములే వానికి పాఠశాల. 1745లో గ్రోస్‌వెన్ ప్రార్థనామందిరమున మతబోధకుడయ్యెను గాని, సేద్యమును తాపీపనిని విడువలేదు.

1746లో ఆ నదిపై వంతెన కట్టుటకు ఆతడు 500 పౌనులకు ఒప్పుకొనెను. ఏడేండ్లలో అది కూలినచో తిరిగి కట్టు భారము తనదే. ఆతడు నది నడుమ స్తంభములు నిలిపి వంతెన కట్టెను. రెండేండ్లు గడచిన పిమ్మట పెనువరద కొట్టుకొని తెచ్చిన చెట్లు స్తంభములకడ అడ్డుపడి, నీరు నిలిచి, వంతెన కొట్టుకొనిపోయెను.

నీటిలో స్తంభమే లేనిచో వరదకు పట్టు దొరకదని యెంచి, ఆతడు 140 అడుగుల నిడివిగల ఒంటి కమానును తలపెట్టెను. అదియు నిలువలేదు. ఇరుప్రక్కల రాతికట్టుబడి బరువునకు నడిమి రాళ్లు పైకి ఎగదన్నుకొని, కమాను కూలెను. అప్పులు మీదపడినను ఆతడు మాట తప్పలేదు. బరువు తగ్గించుటకై ఒక్కొక్క ప్రక్కను మూడేసి గుండ్రని రంధ్రములు విడిచి మరల కట్టెను. 1756లో పూర్తియైన ఆ కమాను నేటికిని నిలిచియున్నది. నలువదేండ్లు బ్రిటనులో అంతకంటె పొడవైన కమాను లేదు.

ఆ రంధ్రములే చూపరులకు అందమై తోచెను. వేల్స్ దేశీయుడైన రిచర్డ్ విల్సన్ ఆ వంతెనను చిత్రించగా, ఆ చిత్రపు ముద్రణప్రతులు దాని ఖ్యాతిని దూరదేశములకు చేర్చెను. 1790వ దశకమున యువకుడైన టర్నర్ కూడ దానిని గీసెను. చిత్రములందు అది ఇంద్రధనుస్సువలె ఒంటరిగా వెలుగుచుండును.

కాని బండ్లు తోలువారికి ఆ వంపే కష్టమయ్యెను. దిగునపుడు బండికి గొలుసుకట్టి వెనుకకు లాగి పట్టవలసివచ్చెడిది. అందువలన 1857లో దాని ప్రక్కనే చదునైన మరియొక వంతెన వెలసెను. ఆ పిమ్మట వచ్చిన ఛాయాగ్రాహకుని యంత్రము చిత్రకారుని కుంచెవలె ఇష్టములేనిదానిని తొలగింపజాలదు. జంట వంతెనలను అది ఉన్నవి ఉన్నట్లు చూపెను.

ఎడ్వర్డ్స్ తరువాత మరికొన్ని వంతెనలు కట్టి, 1789లో మరణించి, ఎగ్లుసిలన్‌లోనే సమాధి చెందెను. ఆతని కుమారులును వంతెనలు కట్టిరి. తండ్రిని మ్రింగిన నదిపై జనులు నిర్భయముగ దాటుటకు ఆతడు వేసిన బాట కాలినడకవారిని నేటికిని ఆవలి గట్టు చేర్చుచున్నది.