కైవారం తాతయ్య: కాలజ్ఞానం చేసిన మేలుకొలుపు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో తెలుగు, కన్నడ భాషలు తోబుట్టువుల వలె తరతరాలుగా కలిసి మెలగుతున్నాయి. ఈ గడ్డపై ఆ రెండు భాషలలోనూ తత్త్వాలు పాడి, రానున్న కాలాన్ని గురించి ప్రజలను హెచ్చరించిన మహనీయులు కైవారం నారేయణ యోగీంద్రులు. వారిని ప్రజలు భక్తితోనూ చనువుతోనూ తాతయ్య అని పిలుచుకొంటారు.

చింతామణి తాలూకాలోని కైవారం ప్రాచీన క్షేత్రం. పాండవులు తలదాచుకొన్న ఏకచక్రపురం ఇదేనని, భీముడు బకాసురుని వధించినది ఇక్కడనేనని స్థలపురాణం. అమరనారేయణస్వామి కొలువై ఉన్న ఈ ఊరిలో 1726లో కొండప్ప, ముద్దమ్మ దంపతులకు తాతయ్య జన్మించినట్లు సంప్రదాయం చెబుతుంది. వారిది బలిజ కుటుంబం; వంశవృత్తి గాజుల వ్యాపారం. మునెమ్మతో వివాహమై, బిడ్డలు కలిగిన పిదప కూడా వారు గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవారు. అయితే మనస్సు భగవంతునిపై నిలిచినందున వ్యాపారం సాగలేదు. ఇంటిలో ఇబ్బందులు పెరిగాయి, ఇల్లాలి నిష్ఠూరాలూ తప్పలేదు.

ఆ దశలో వారికి పరదేశి స్వామి అనే గురువు లభించారని ప్రతీతి. నోటిలో గులకరాయి ఉంచుకొని అష్టాక్షరీ మంత్రాన్ని జపించమని, ఆ రాయి కలకండగా మారిన నాడు సాధన ఫలించినట్లని గురువు ఉపదేశించారట. తాతయ్య కైవారం సమీపంలోని నరసింహస్వామి గుహలో దీర్ఘకాలం తపస్సు చేసి ఆ సిద్ధిని పొందారని భక్తుల విశ్వాసం. గుహలోనికి వెళ్ళినది గాజుల వర్తకుడు. వెలుపలికి వచ్చినది లోకానికి బుద్ధి చెప్పే యోగి.

వారు జీవించినది అల్లకల్లోలమైన కాలం. పాళెగాళ్ళ పాలన అంతరించి ఈ సీమ హైదరలీ ఏలుబడిలోనికి వచ్చింది. 1791లో కారన్‌వాలీసు సేనలు నందిదుర్గాన్ని ముట్టడించి పట్టుకొన్నాయి. 1799లో శ్రీరంగపట్టణం పతనమై టిప్పు సుల్తాను మరణించాడు. 1831లో మైసూరు పరిపాలన ఆంగ్లేయుల చేతిలోనికి పోయింది. సింహాసనాలు మారుతున్న కొలదీ గ్రామాలపై దండుల భారం, పన్నుల భారం పడుతూ వచ్చింది. ఏ అధికారమూ శాశ్వతం కాదన్న సత్యం ఆనాటి రైతులకు నిత్యానుభవం.

అటువంటి రోజులలో తాతయ్య కాలజ్ఞానం చెప్పారు. అమరనారేయణ శతకం, అనేక తత్త్వ కీర్తనలు రచించారు. ధర్మం సన్నగిల్లుతుందని, కలి ప్రభావం ప్రబలుతుందని హెచ్చరించారు. కులగర్వాన్ని, వేషానికే పరిమితమైన భక్తిని, ధనాశతో శిష్యులను చేర్చుకొనే కపట గురువులను నిర్దాక్షిణ్యంగా విమర్శించారు. అంతకుముందే కడప సీమలో పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం జనుల నాలుకలపై నిలిచింది. ఆ మార్గంలోనే తాతయ్య వాక్కు ఈ ప్రాంతపు పల్లెలలో వ్యాపించింది.

ఇట్టి హెచ్చరిక ఒక్క దేశానికో ఒక్క మతానికో చెందినది కాదు. బైబిలులోని ఆమోసు ప్రవక్త గొర్రెల కాపరి. మేడిపండ్ల తోటలో పనిచేసినవాడు. క్రీస్తు పూర్వం 8వ శతాబ్దంలో అతడు ఇశ్రాయేలు సంపన్నుల ముందు నిలబడి, దొంగ తూకాలతో పేదలను దోచుకొంటూ చేసే పూజలను దేవుడు స్వీకరించడని, తీర్పు రాక తప్పదని పలికాడు. గొర్రెల కాపరి నోటి నుండి, గాజుల వర్తకుని నోటి నుండి ఒకే విధమైన మాట వెలువడడం గమనింపదగినది. సంతలో నిలబడినవానికి తూకంలోని మోసం ఎరుకే.

ఆ గ్రంథంలోనే యోనా వృత్తాంతమున్నది. 40 రోజులలో నీనెవె పట్టణం నాశనమవుతుందని యోనా ప్రకటించాడు. రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. ప్రజలు గోనెపట్ట కట్టుకొని దుష్కార్యాలు మానుకొన్నారు. పట్టణం నిలిచింది. తాను చెప్పినది జరుగలేదని యోనా కోపగించుకొన్నాడు గాని, నిజానికి అదే అతని వాక్కు సాధించిన ఫలం. వైద్యుడు చెప్పిన పథ్యం పాటించి రోగి కోలుకొంటే వైద్యుని మాట తప్పినదని ఎవరంటారు?

కాలజ్ఞానాన్ని చదువవలసిన తీరు ఇదే. జరిగిపోయిన సంఘటనలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపి, తాతయ్య ముందే చెప్పారని ఆశ్చర్యపడడం సులభం. వారు మానుమన్నదానిని మానడం కష్టం. కులం పేరిట పొరుగువానిని దూరం పెడుతూ, త్రాసులో మోసం చేస్తూ తాతయ్య కీర్తనలు పాడినంత మాత్రాన వారిని ఆలకించినట్లు కాదు. చెడు ముగింపును ముందుగా చెప్పడంలో పెద్దల ఉద్దేశం ఆ ముగింపును తప్పించడమే. పశ్చాత్తాపం అంటే కన్నీటితో ఆగిపోయేది కాదు. నడచిన త్రోవ తప్పని తెలిసిన చోటనే వెనుకకు తిరగడం.

110 ఏళ్ళు జీవించి, 1836లో తాతయ్య కైవారంలో సజీవ సమాధి పొందారని సంప్రదాయం. నేటికీ గురుపౌర్ణమి నాడు అక్కడ జరిగే సంగీతోత్సవానికి ఎందరో విద్వాంసులు, భజన బృందాలవారు తరలివస్తారు. కర్ణాటక ప్రభుత్వమూ వారి జయంతిని జరుపుతున్నది.

తెలుగులో అక్షరాలు దిద్దిన ఈ సీమ బాలబాలికలకు తాతయ్య రచనలు సొంత ఆస్తి. వాటిని అర్థం చేసుకొనేటంత భాషను బిడ్డలకు అందించడం తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల బాధ్యత. అర్థమైనదానిని ఆచరించడం చదువుకొన్న ప్రతి ఒక్కరి ధర్మం. హెచ్చరిక ఏనాటిదైనా, దానిని ఆలకించి నడవడిని దిద్దుకొనడానికి నేటి దినం తగినదే.